వార్నిష్ కింద చిలుము

ఇంకా చల్లగానే తగులుతోంది, బోర్డును చెంపకు ఆనిస్తే చల్లగా ఉందంటే లోపలెక్కడో తడి దాగి ఉన్నట్టే, ఇంకాసేపు ఎండలో ఉండాలి, ఈలోగా రాద్దామని కూర్చున్నాను, రాసే ముందు చదివేవాళ్లను మన్నించమని అడగాలి, ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు, లేనిచోట ఉంటాయి, యాభై దాటాక అక్షరాలు పట్టుకున్న చేయి ఇది, మోకాళ్ల నొప్పులున్న మనిషి మెట్లెక్కినట్టు ఒక్కో మాట దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటుంది, తప్పులుంటే టైలరమ్మను ఏమీ అనకండి, పక్క షాపులో బట్టలు కుట్టే ఆవిడే నాకు గురువు, నల్ల గుడ్డ మీద సుద్దతో అక్షరాలు రాసి దిద్దించింది, ఆ గుడ్డతోనే తర్వాత ఎవరికో ప్యాంటు కుట్టి ఇచ్చింది, నా ఓనమాలు తొడుక్కుని ఎవరో వీధుల్లో తిరుగుతున్నారనుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కానీ నవ్వు నిలవడం లేదు, ఎదురుగా ఎండలో ఆ బోర్డు ఉంది.

సగం బొగ్గు, సగం ఇంకా పచ్చగానే ఉంది, ఇన్వర్టర్ పెట్టె విప్పితే లోపల కనిపించే పలక అది, ఏళ్ల తరబడి మా పని గది గోడకు మేకు మీద వేలాడింది, మొన్న గోడలకు సున్నం వేసినవాళ్లు కూడా దాన్ని దించకుండా చుట్టూ వేసి వెళ్లిపోయారు, ఈ ఉదయం మా మరిది, అంటే ఆయన తమ్ముడు, ఇప్పుడు షాపు నడిపేది అతనే, టీ గ్లాసు కింద పెడుతూ, వదినా, అన్నయ్య ఫొటో పెద్దది చేయించాను, ఆ మేకుకే పెడదాం, ఆ కాలిన బోర్డు తీసి చెత్తలో పడేయ్, నేను వెళ్లి ఫ్రేము పట్టుకొస్తాను అన్నాడు, తెగిపోయిన చెప్పును పడేయమన్నట్టు అన్నాడు, తల ఊపాను, అతను వెళ్లాక స్టూలెక్కాను, దించే ముందు కొంగుకు చేతులు తుడుచుకున్నాను, మళ్లీ ఒకసారి తుడుచుకున్నాను, కాలిపోయినదానికి తడి ఏమిటి, పొడి ఏమిటి, అయినా తుడుచుకున్నాను, చెత్తబుట్ట దాకా తీసుకెళ్లాను కూడా, వేయలేకపోయాను, చేతికొచ్చిన బోర్డును కడగకుండా వదలడం ఇప్పుడు నా వల్ల కాదు, తొట్టిలో గోరువెచ్చని సబ్బునీళ్లు పోసి పళ్ల బ్రష్‌తో మసి రుద్దాను, నీళ్లు నల్లగా మారుతుంటే నా తప్పే కరిగి దిగుతోందేమో అనిపించింది, అలా అనిపించినందుకు నా మీద నాకే విసుగొచ్చింది, జాడించి తెచ్చి పెరట్లో పెట్టాను.

నా తప్పు అన్నాను కదా, అదేమిటో చెప్పాలి, మాది ముందు షాపు, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు, తలుపుకు ఇవతల నా వంటిల్లు, అవతల ఆయన పని గది, ఎవరెవరి ఇళ్లలోనో మూలన పడి ఉన్న ఇన్వర్టర్లన్నీ అక్కడికి వచ్చేవి, విప్పితే దుమ్ము, బొద్దింకల గుడ్లు, వెచ్చదనానికి దూరి కరెంటుకు అతుక్కుపోయిన బల్లులు, అన్నిటికన్నా మొండిది బ్యాటరీ యాసిడ్ ఆవిరి పట్టి రాగి గీతల మీద లేచిన చిలుము, ఆయన అన్నిటినీ స్పిరిట్‌లో ముంచిన బ్రష్‌తోనే తోమి, కాలిన ముక్కలు మార్చి, పైన వార్నిష్ పూసి పంపేవారు, నీళ్లు మాత్రం ఆ గది గడప తొక్కకూడదు, నీటిచుక్క బోర్డుకు విషం అనేవారు, ఏమే, చేతులు తుడుచుకున్నావా, కాపురానికి వచ్చిన కొత్తలో మొదలైన మాట అది, అన్నం పెట్టడానికి పిలవబోయినా ముందు ఆ మాటే, పిల్ల పడిపోయి ఏడుస్తోందని పరుగెత్తుకెళ్లినా ముందు ఆ మాటే, చివరికి తలుపు మీద ఎర్ర రంగుతో రాసి కూడా పెట్టారు, నాకు అక్షరం ముక్క రాదు, అయినా నాకోసమే రాశారు, షాపుకు వచ్చినవాళ్లకు అది చూపించి, మా ఇంటావిడ కోసమండి, ఆవిడకు చదవడం రాదు, మీరు చదివి చెప్పండి అనేవారు, వాళ్లు నవ్వేవారు, ఎవరో ఒకరు గొంతు సవరించుకుని వంటింట్లోకి వినబడేలా చదివేవారు, నేనూ నవ్వేదాన్ని, నలుగురు నవ్వుతుంటే ఒక్కదాన్ని మొహం ముడుచుకుంటే ఏం బాగుంటుంది, అప్పటినుంచి వీధిలో నా పేరు తడిచేతులమ్మ, టైలరమ్మ దగ్గర అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చాక నేను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పూర్తిగా చదివిన వాక్యం ఆ తలుపు మీదిదే, తడి చేతులతో లోపలికి రాకూడదు, చదవగలిగాననే సంతోషం ముందు వచ్చింది, చదివింది ఏమిటో తర్వాత తెలిసింది.

ఆ రోజు బల్ల మీద ఉన్నది ఫొటో స్టూడియో వాళ్ల ఇన్వర్టర్ బోర్డు, పని అయిపోయింది, పూత ఆరి అద్దంలా మెరుస్తోంది, ఏమే, టీ తీసుకురా అని ఆయనే కేకేశారు, అంట్లు తోముతున్నదాన్ని మధ్యలో లేచి టీ పట్టుకెళ్లాను, గ్లాసు పెట్టడానికి చోటు లేక ఆ బోర్డును రెండు వేళ్లతో పక్కకు జరిపాను, ఒక మూల మీద చుక్క పడింది, ఆయన చూశారు, పొడిగుడ్డతో ఒకసారి అద్ది పక్కన పెట్టి టీ తాగారు, చక్కెర తక్కువైంది అన్నారు, అంతే, కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం స్టూడియోలో ఆ ఇన్వర్టర్ నుంచి మంట లేచింది, మనుషులకు ఏమీ కాలేదు, గదంతా బూడిద, ఎవరెవరి పెళ్లిళ్లో, ఎవరెవరి పసిపిల్లలో అన్నీ బూడిద, వాటితో పాటు మా అమ్మ ఫొటో, ఉన్నది అదొక్కటే, ఎండకు కళ్లు చిట్లించి, ఎవరో పిలిస్తే ఇటు తిరిగినట్టు నిలబడి ఉంటుంది, పెద్దది చేయించి పెట్టుకుందామని నేనే ఆయనను సతాయించి స్టూడియోలో ఇప్పించాను, స్టూడియో ఆయన కాలిన బోర్డు పట్టుకుని వచ్చి మా షాపు గుమ్మంలో నిలబడ్డాడు, వీధి వీధంతా చేరింది, ఏం రిపేరు చేశావయ్యా, నా బతుకు బుగ్గి చేశావు కదయ్యా అన్నాడు, మా ఆయన బోర్డు అందుకుని అటూ ఇటూ తిప్పారు, వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు, తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ నా వైపు తిరిగారు, నా పనిలో లోపం లేదండి, మా ఇంటావిడ తడి చేతులతో ముట్టుకుంది, చెబితే వినదు, తలుపు మీద రాసి మరీ పెట్టాను, చూడండి అన్నారు, అందరూ తలుపు చదివారు, చదివి నా చేతుల వైపు చూశారు, అప్పుడూ తడిగానే ఉన్నాయి, అంట్లు మధ్యలో వదిలి వచ్చాను మరి.

ఆ సాయంత్రమే మేకు కొట్టి బోర్డు తగిలించారు, కళ్ల ముందు ఉంటే గుర్తుంటుంది అన్నారు, స్టూడియో ఆయన మళ్లీ షాపు తెరవలేదు, రోడ్డు మీద నేను ఎదురైతే అవతలి పక్కకు మారిపోయేవాడు, మా అమ్మాయి చిన్నప్పుడు కొత్త పుస్తకాలు తెచ్చుకుంటే అమ్మా నువ్వు ముట్టుకోకు, నాన్న అట్టలు వేస్తాడు అనేది, పిల్లలకేం తెలుసు, విన్నదే అంటారు, నేను మాత్రం రోజుకు ఎన్నిసార్లు తుడుచుకునేదాన్నో, నా చీరలన్నీ కొంగు దగ్గరే ముందు చిరిగేవి, స్విచ్చు వేయాలంటే తుడుచుకోవాలి, పసిబిడ్డను ఎత్తుకోవాలంటే తుడుచుకోవాలి, ఎవరైనా డబ్బా చేతికిస్తే తుడుచుకోవాలి, వేళ్లు పగిలి రక్తం కారినా తుడుచుకోవాలి, అమ్మ గుర్తొస్తే మొహం సరిగా గుర్తొచ్చేది కాదు, చిట్లించిన కళ్లు వచ్చేవి, గడ్డం వచ్చేది కాదు, ఆ ముఖాన్ని కాల్చుకున్నది నా రెండు వేళ్లే అని పడుకోబోతూ అనుకునేదాన్ని, అనుకోకపోతే నిద్ర పట్టేది కాదు, అదో అలవాటు.

ఆయన పోయాక మరిది వచ్చి షాపు తీసుకున్నాడు, ఎక్కడో పెద్ద సర్వీసు సెంటర్‌లో పని నేర్చినవాడు, వచ్చిన వారంలోనే పని గదిలో సబ్బునీళ్ల తొట్టి పెట్టి అందులో ఒక బోర్డు ముంచాడు, ఏమయ్యా, ఏం చేస్తున్నావు అన్నాను, కడుగుతున్నాను వదినా, ఈ యాసిడ్ చిలుము స్పిరిట్‌కు లొంగదు, ఇది ఉప్పు లాంటిది, నీళ్లకే కరుగుతుంది, కడగాలి, తడి చుక్క లేకుండా ఎండబెట్టాలి, అప్పుడు పూయాలి వార్నిష్, చిలుము ఉండగానే పూశావనుకో, పైకి నవనవలాడుతూనే లోపల తినేస్తుంది, రా, నువ్వే కడుగు, నీ చేతులు ఎలాగూ తడివే కదా, అని నవ్వాడు, నేనూ నవ్వాను, ఆ ఇంట్లో ఆ మాటకు నవ్వడం నా పని, కానీ తొట్టిలో చేయి పెట్టడం ఆ పూట నా వల్ల కాలేదు, కొంగుకు తుడుచుకుంటూ నిలబడిపోయాను, తుడుచుకుని నీళ్లలో పెట్టడం ఏమిటి వదినా అన్నాడు, తర్వాత తర్వాత అలవాటైంది, ఇప్పుడు రోజూ అదే నా పని, కడగడం, చెంపకు ఆనించి చూడడం, ఎండాక వార్నిష్ పూయడం, ఎన్ని బోర్డులు నా చేతుల మీదుగా వెళ్లి జనం ఇళ్లలో దీపాలు వెలిగించాయో, ఇంత చేస్తూ కూడా తల పైకెత్తితే గోడ మీద కనిపించే ఆ బోర్డు గురించి ఒక్కసారి కూడా అలా ఆలోచించలేదు, మిగతావన్నీ బోర్డులు, అది నా తప్పు, తప్పును ఎవరైనా తిరగేసి చూస్తారా.

ఇందాక టైలరమ్మ వచ్చింది, మెడలో టేపు, నోట్లో గుండుసూదులు, ఆవిడ గుండుసూదులు తీయకుండానే మాట్లాడుతుంది, ఎప్పుడో మింగుతుంది, ఏంటక్కా, ఇవాళ కాలిపోయినవాటికి కూడా స్నానం చేయిస్తున్నావా అంది, బోర్డు చేతిలోకి తీసుకుని తిప్పి, అబ్బో, ఈ మూల చూడు, ఇంత కాలినా ఇది మాత్రం నిన్న చేసినట్టు మెరుస్తోంది, ఏం పూస్తారక్కా దీనికి అంది, వార్నిష్ అన్నాను, ఎందుకూ అంది, తడి తగలకుండా, ఇది పూసి ఆరిందంటే పైన నీళ్లు చిలకరించినా లోపలికి దిగవు, గుడ్డ పెట్టి తుడిచేస్తే సరిపోతుంది అన్నాను, ఎవరడిగినా చెప్పే మాటే, గడగడా చెప్పేశాను, ఆవిడ ఓహో అంది, అయితే నా చెవులకు కూడా ఒక పూత వేయించుకోవాలి, మా ఆయన మాటలు లోపలికి దిగకుండా అంది, నేను నవ్వలేదు, అక్కా, ఏమైంది, అలా ఉండిపోయావేం అంది, ఏం లేదు, నువ్వెళ్లు, మిషను మీద గుడ్డ వదిలేసి వచ్చావు అన్నాను, నా నోటితో నేను అన్న మాట నా చెవిలో పడి అక్కడే కూర్చుంది, పూసి ఆరిందంటే, గుడ్డ పెట్టి తుడిచేస్తే, ఆ రోజు అది మెరుస్తోంది, అద్దంలా మెరుస్తోందని పైన నేనే రాశాను, ఆయన గుడ్డతో తుడిచి టీ తాగారు, చుక్క పడ్డ మూల ఏదో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు, ఆ మూలే ఇది, మెరుస్తున్న మూల, కాలింది అవతలి కొస.

పెన్ను పక్కన పెట్టి వెళ్లాను, ఇప్పుడే వచ్చి మళ్లీ పట్టుకున్నాను, చెంపకు వెచ్చగా తగిలింది, లోపలికి తీసుకెళ్లి దూదిని థిన్నర్‌లో ముంచి, అవతలి కొసన, బ్యాటరీ వైర్లు వచ్చి కలిసే చోట, బొగ్గుకూ పచ్చకూ మధ్య మిగిలిన వార్నిష్ మీద పెట్టి ఉంచాను, మెత్తబడ్డాక గోటితో గీరాను, పొర చర్మంలా లేచింది, కింద చిలుము, నీలంగా, తెల్లగా, పాత బావి అంచులా, దాని కింద రాగి గీత ఉండాల్సిన చోట గీత లేదు, తినేసింది, తినేసిన చోట ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వేసిన చిన్న వైరు ముక్క, రెండు చివరలా సోల్డరింగ్ చుక్కలు, ఆయన పని అది, ఆయన చుక్క వేశాక బ్రష్ కొసతో ఒక్కసారి నొక్కి వదిలేవారు, పైన చిన్న గుంట పడేది, ఎన్నేళ్లు తలుపు దగ్గర నిలబడి చూశాను, ఆ గుంట ఇక్కడా ఉంది, అంటే బోర్డు రాగానే ఆయనకు కనబడింది, గీతను చిలుము తినేసిందని కనబడింది, స్పిరిట్‌తో తోమారు, పోలేదు, పోనిదాని మీదే వైరు వేసి, కనబడకుండా వార్నిష్ పూశారు, అది లోపల లోపల మిగతాది తినుకుంటూ పోయింది, మంట అక్కడ పుట్టింది, గుమ్మంలో అందరి ముందూ అంతసేపు తిప్పి తిప్పి చూసింది దీన్నే, తన వైరునే చూసుకుని, నా వైపు తిరిగి, ఆ మాట అన్నాడు, అన్నారు అని రాయబోతే చేయి రావడం లేదు, అన్నాడు, అలాగే ఉండనివ్వండి, ఇది స్పెల్లింగు తప్పు కాదు.

మరిది వచ్చాడు, ఫ్రేము కాగితంలో చుట్టి చంకలో పెట్టుకుని, ఇదింకా పడేయలేదా వదినా అన్నాడు, ఇటు రా, ఇది చూడు అన్నాను, వంగి చూశాడు, ఎక్కువసేపు చూడలేదు, తెలిసిన వీధిలో ఇంటి నంబరు చూసినట్టు చూశాడు, అన్నయ్య వేసిన వైరే అన్నాడు, నీకు తెలుసా అన్నాను, దేని గురించి అన్నాడు, తెలుసా అని అడుగుతున్నాను అన్నాను, ఫ్రేము బల్ల మీద పెట్టి మీసం గోక్కున్నాడు, మంట ఎక్కడ పుట్టిందో బోర్డు చూస్తే పనివాడెవడికైనా తెలుస్తుంది వదినా, వార్నిష్ మీద నీటిచుక్క పడితే ఏమవుతుంది అన్నాడు, మరి నాకు చెప్పలేదేం అన్నాను, అన్నయ్య ఉండగా చెప్పడానికి నేనెంతటివాణ్ణి, పోయాక చెప్పి ఏం చేస్తాం, అన్నాడు, ఆ రోజు అన్నయ్య తన పని అని ఒప్పుకుంటే షాపు మూతపడేది, ఎవరో ఒకరి మీద పెట్టాలి, బయటివాళ్ల మీద పెడితే ఊరుకుంటారా, నువ్వు ఇంట్లో మనిషివి, సర్దుకుపోతావనుకున్నాడు, సర్దుకుపోయావు కూడా, షాపు నిలబడింది, పిల్ల చదువుకుంది, అన్నాడు, చెడ్డవాడు కాదు, అన్నం తినేటప్పుడు నేను తిన్నానో లేదో అడిగే మనిషే, అందుకే అంత నెమ్మదిగా చెప్పగలిగాడు, మా అమ్మ ఫొటో అన్నాను, ఏ ఫొటో అన్నాడు, నిజంగానే తెలియక అడిగాడు, ఆ ఫొటో సంగతి నాకు తప్ప ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదని అప్పుడు తెలిసింది.

పాత మాటలు వదిలేయ్ వదినా, ఇదిగో, నీ చేత్తోనే పెట్టు అని కాగితం విప్పి ఫ్రేము నా ముందుకు చాచాడు, బాగా పెద్దది చేశారు, ఒక్క గీత చెదరలేదు, గడ్డం ఉంది, కళ్లు ఉన్నాయి, నేరుగా చూస్తున్నాడు, థిన్నర్ వాసన పోవడానికి అప్పుడే కడుక్కున్న నా చేతులు కారుతున్నాయి, నేను ఏమీ అనుకోకముందే కొంగు వచ్చి చేతిలో పడింది, ఏళ్ల అలవాటు, దానంతట అదే వస్తుంది, ఆయన జ్వరంతో మంచం పట్టిన ఆఖరి రోజుల్లో కూడా అలాగే వచ్చేది, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, గుడ్డ పక్కన పెట్టి, నుదుటి మీద చేయి వేసే ముందు కొంగుకు తుడుచుకునేదాన్ని, జ్వరంతో కాలిపోతున్న మనిషికి తడి చేయే హాయి, నాకు తట్టలేదు, ఆయనకు తట్టదా, తలగడ మీద నుంచి చూసేవాడు, నేను ఒక చేయి తుడుచుకోవడం, రెండో చేయి తుడుచుకోవడం, వేళ్ల సందులు తుడుచుకోవడం అన్నీ చూసేవాడు, మాట పడిపోలేదు, చివరి పూట దాకా మాట ఉంది, మజ్జిగ పుల్లగా ఉందని చెప్పడానికి ఉంది, కిటికీ మూయమనడానికి ఉంది, ఒక్క మాట, పోనీలేవే, తుడుచుకోకు అనే ఒక్క మాట, ఆ మంటను నా మీద వేసింది ఒక్క రోజు, భయపడ్డాడు, వేశాడు, ఆ రోజును నేను ఎలాగో మింగుతాను, కానీ తీసేయడానికి ఆయనకు ప్రతి రోజూ ఉంది, ప్రతి రోజూ నేను తుడుచుకుంటుంటే చూశాడు, ప్రతి రోజూ ఊరుకున్నాడు.

కొంగు వదిలేశాను.

నువ్వే పెట్టుకో, నా చేతులు తడిగా ఉన్నాయి, అన్నాను.

పేరు తడిచేతులమ్మ, వయసు అరవై దాటింది, ఉండేది ఆ షాపు వెనకే, మధ్య తలుపు మీద ఎర్ర అక్షరాలు ఇవాళ థిన్నర్‌తో తుడిచేశాను.